గురువారం నూనె పొగ

అమ్మా, అందరం బాగున్నాం, కంగారుపడకు. నిన్న గురువారం కదా, పోయిన మామగారి ఆత్మకు వాసన అందాలని నూనె పొగలెగిసేలా కాచి పిండి బిళ్లలు వేయించాను. ఇంట్లో నేనొక్కదాన్నే. మామగారు పెంచిన కౌజు పిట్ట పంజరం వంటింట్లో కొక్కేనికే ఉందని సగంలో గుర్తొచ్చింది. "ముందు పిట్టని బయట పెట్టు కోడలా, ఆ పొగకి చచ్చిపోద్ది!" అని ఆయన ఎప్పుడూ అరిచేవారు. తిరిగి చూస్తే కొక్కేనికి పంజరం లేదు. వాకిట్లో మల్బరీ చెట్టుకు, ఆయన తగిలించే పైకొమ్మకే వేలాడుతోంది. పిట్ట కూస్తోంది. "నువ్వే పెట్టి మర్చిపోయుంటావులే," అంటాడు నీ అల్లుడు. దాన్ని దింపడానికి తనకే నిచ్చెన కావాల్సొచ్చింది.

మన ఆవు ఈనిందా? ఎండు ఆప్రికాట్లు పంపించు. నాన్నకు సలాం, తమ్ముడికి ముద్దులు. వచ్చే గురువారం పిట్టను ముందే బయట పెడతాను. వాసన పెట్టి పిలిచింది నేనే, వచ్చారని ఎవరితో చెప్పుకోను?

మర్గిలాన్ నుంచి,
నీ సానొబర్