పసుపు పూసిన కార్డులు

కృష్ణగిరి
9-8-1975

పెద్దమ్మకు నమస్కారాలు.

ఈ ఉదయం రెండుసార్లు సబ్బుతో కడిగినా నా చూపుడువేలు పచ్చగానే ఉంది.

ఇక్కడి కలరా వార్డు నర్సు ఈడిత్ అమ్మగారు క్వేకర్ క్రైస్తవురాలు. వాళ్ల సంఘం అలవాటుగా ప్రతి రోగి ఇంటికీ ఊరడింపు కార్డు పంపేవారు. తెలుగులో నేను రాసేదాన్ని. పది రోజులైనా ఎవరూ రాలేదు. తమవాళ్లు వదిలేశారని రోగులు గంజి కూడా మానేశారు.

చివరికి చెన్నకేశవప్ప గేటు దగ్గరికి వచ్చి భార్య చీరలు ఇమ్మన్నాడు. "ఆస్పత్రి జాబంటే చావు కబురే కదమ్మా. చదవకుండా వాకిట్లోనే చించేసి తలకు పోసుకున్నాను."

కిటికీలోంచి అతని భార్య అక్కమ్మ అడిగింది: "నేను బతికుండంగానే పోసుకున్నావా? నీళ్లన్నా కాచుకున్నావా?"

ఆరోజే శుభలేఖల్లాగా కార్డుల నాలుగు మూలలా పసుపు పూశాను. ఈడిత్ అమ్మగారు సంగతి విని, "బతికున్నవాళ్ల ఉత్తరాలే కదా" అని తానే పసుపు కలిపారు.

మూడో రోజుకు గేటు నిండా జనం. గంజి గిన్నెలు ఖాళీ అయ్యాయి. నిన్నటితో పద్నాలుగు మంచాల్లో పదమూడింటి వాళ్లు నడిచి ఇళ్లకు వెళ్లారు.

రేపు వేప్పనపల్లి బస్సుకు వస్తాను. పద్నాలుగో మంచం నాది.