పరదా అవతలి మెకానిక్

మీరు పోయిన మూడు నెలలకు మన గ్యాస్ గీజర్ మొరాయించింది. ట్యాప్ తిప్పితే టిక్ టిక్‌మంటుంది, మంట రాదు. సారపాకలో సగం ఇళ్ళ గీజర్లు బాగుచేసిన మీ ఇంట్లో మీ అమ్మ చన్నీళ్ళు పోసుకుంటోంది. భర్త పోయిన ఆడది పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ తీరేదాకా నేను గడప దాటకూడదు, పరాయి మగవాళ్ళు లోపలికి రాకూడదు.

చివరికి మీతో పనిచేసిన ఖాసిం భాయి వచ్చి వాకిట్లో, పరదా అవతల నిలబడ్డారు.

"భాభీ, టిక్ టిక్‌మంటుందా?"

"అవ్ భాయ్."

"బ్యాటరీలు కొత్తయేనా?"

"నిన్ననే ఏసిన."

"అయితే నీళ్లు జోరుగ వస్తలేవు. పైపు కాడ ఫిల్టర్ జాలి తీసి చూడు."

మీరు ఫోన్లో అందరినీ అడిగిన ప్రశ్నలే, అదే వరసలో. మీ పానాతో నట్టు విప్పాను. జాలి నిండా ఇసుక. కడిగి బిగించి ట్యాప్ తిప్పితే నీలం మంట లేచింది. వెంటనే కట్టేశాను.

"ఎలిగిందా భాభీ?"

ఇంకా నలభై రోజులు నాకు ఈ గోడలే. వెలిగిందంటే ఆ ప్రశ్నలు కూడా వెళ్ళిపోతాయి.

"లేదు భాయ్," అన్నాను.

"సరే, మళ్ల మొదటి నుంచి చూద్దాం. టిక్ టిక్‌మంటుందా?"