ముక్క ముట్టని ఆదివారాలు

పుణె నుంచి,

మా అక్క సాయమ్మకు, నీ తమ్ముడు మల్లేశం ఇక్కడి నుంచే నీ కాళ్ళకు మొక్కి రాసేది.

నేను బాగున్న. ఒంట్లో ఏ రోగం లేదు, కడుపు నిండ తింటున్న, వేళకు పంటున్న. నా గురించి ఫికర్ చెయ్యకు. నీ మోకాళ్ళు ఎట్లున్నయి? దవాఖానల ఇచ్చిన గోళీలు మింగుతున్నవా, లేకుంటే ఎప్పటిలెక్క దిండు కింద దాస్తున్నవా? బావకు దగ్గు తగ్గిందా? సూడి గొర్లు ఈనినయా? ఆ నల్ల చెవుల గొర్రె ఉన్నదా, అమ్మిన్రా? అమ్మితే అమ్మినమని నాకు చెప్పుండ్రి. ఈ నడుమ మీ ఇంట్లో నాకు చెప్పకుండ దాచుడు ఎక్కువైంది, అందుకే అడుగుతున్న.

చేతిలో ఫోను ఉండంగ ఉత్తరమేందని అనుకుంటవు. ఫోన్ల నేను "అక్కా" అనంగనే నువ్వు నవ్వుతవు. నేనింకా ఏమీ అననే లేదు, అయినా నవ్వుతవు. స్పీకర్ పెడతవు, అవతల నుంచి బావ నవ్వుతడు. నా నోట్ల నుంచి ఏది వచ్చినా మీకు పరాచికమే. కాయిదం మీద నా గొంతు వినపడదు. జర నవ్వకుండ చదువుతవని రాస్తున్న. బావతో చదివించకు, నువ్వే చదువు. ఆరో తరగతిల బడి ఎగ్గొట్టినోని చేతిరాత, కోడి గీకినట్టుంటది, ఓపిక పట్టు.

ఇక్కడ వాన మన లెక్క కాదు. మన కల్వకుర్తి దిక్కు వాన కొట్టి పోతది. ఇక్కడి వాన చుట్టం వచ్చినట్టు వచ్చి కూసుంటది, మొఖం చిట్లించినా లేవదు. అంగీలు ఆరవు. నేను వంట చేసే మెస్సు పొయ్యి పక్కన ఆరేస్తే పోపు వాసన పడుతున్నది, నేను పక్కన నిలబడితే బస్సుల జనానికి ఆకలైతున్నదట. జొన్న రొట్టె ఇక్కడ గూడ ఉన్నది, అదొక్కటే మన ఊరు. పప్పుల మాత్రం చక్కెర వేస్తరు. ఓనరమ్మ మంచిదే, తను అటు తిరగంగనే నేను చింతపండు పిసికి పోస్త, తను ఎరగనట్టే ఉంటది. గోంగూర తింటే లెక్కలు వస్తయని మెస్సు పిల్లలకు ఒకసారి చెప్పిన. ఇప్పుడు పరీక్షలొస్తే చాలు, ఇంజినీరింగ్ పిల్లలు గూడ గోంగూర ఏదని వంటింట్లకు తొంగి చూస్తున్నరు. వాళ్ళను చూసుకుంట పొద్దు పోతది. నా ఇంటిది యశోద చనిపోయి నేను ఒంటిగ ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆ పిల్లలు తినంగ చూసుడే నాకు ఇల్లు.

అసలు సంగతికి వస్త. నీ బిడ్డ శ్రావణి సంగతి.

దాన్ని ఇక్కడికి పంపేనాడు బస్టాండ్ల నువ్వన్న మాట నాకు యాదున్నది. "డిగ్రీ అయిపాయె, ఇగ పెద్ద ఎంబీఏ కాలేజీల సీటు కోసం పరీక్ష రాస్తదట. గా కోచింగ్ నీ మెస్సు కాడనే ఉన్నదట. పిల్లను నీ కండ్ల ముంగట పెట్టుకో తమ్మి. ఆడ దానికి అమ్మవు నువ్వే, నాయినవు నువ్వే" అన్నవు. "మామను గూడ ఉండనియ్యి అక్కా, గా నౌకరి గూడ ఊడబీకితే నేనెట్ల బతకాలె?" అన్న నేను. అంత దుఃఖంల గూడ నువ్వు నవ్వినవు.

పిల్ల ఎదురుగ ఆడపిల్లల హాస్టల్ల ఉంటది, మూడు పూటలు నా చేతి వంటే. ఆదివారం పొద్దున కోచింగ్ల ఉత్తుత్తి పరీక్ష రాసి, మధ్యాహ్నం అంకె చేతిల పట్టుకొని మెస్సుకు వస్తది. ఆ అంకె ఏందో నాకు మొదట్ల అర్థం కాలేదు. "నూరు గొర్ల మంద అనుకో మామా, అండ్ల ఎన్ని గొర్లు నా ఎనక ఉన్నయో గా లెక్క" అని చెప్పింది. మొదట్ల అంకె గబగబ ఎక్కింది. తర్వాత డెబ్బై రెండు కాడికి వచ్చి కూసున్నది. ఒక వారం ఒకటి ఎక్కుతది, మళ్ళ వారం ఒకటి దిగుతది, మళ్ళ అక్కడికే వస్తది. సీటు రావాలంటే తొంభై దాటాలట.

మెస్సు వాకిట్ల నల్ల బోర్డు ఉన్నది. పైన ఓనరమ్మ మరాఠీల రాస్తది, కింద మన పిల్లల కోసం నేను తెలుగుల రాస్త. ఆదివారం కూరల కింద ఇది గూడ రాసేటోన్ని: "కోడలి అంకె: పాతదే. వేడి చేసి వడ్డించబడును." ఇంకోసారి "కోడలి అంకెకు ఇక్కడ రేషన్ కార్డు వచ్చింది, ఇగ కదలదు" అని రాసిన. తిననీకె వచ్చినోళ్ళంత చదివి నవ్వేటోళ్ళు. అది గూడ నవ్వి, "మామా, నీకు సిగ్గు లేదు" అనుకుంట నా చేతిల సుద్దముక్క గుంజుకునేది. మేనమామ కోడల్ని ఎక్కిరించకుంటే ఎవరు ఎక్కిరిస్తరు? అది నా హక్కు. ఆ నవ్వు నిజమనే అనుకున్న.

ఒకనాడు మాత్రం కంచం ముందర పెట్టుకొని కలుపుతనే ఉన్నది, తింటలేదు.

"మామా, తెల్లారకముందే మబ్బుల లేసి సదువుతున్న. అయినా కదుల్తలేదు. నాకు గింతే రాసిపెట్టి ఉన్నదేమో."

"గింతే ఎట్లుంటదే? కలుపు తీసెటప్పుడు తమ వంతుకు పట్టిన మునుం సాలు ఇడిసిపెట్టి నడుమల గట్టెక్కినోళ్ళు మనింట్ల ఉన్నరా? సివరి దాక తియ్యాలె, అప్పుడే నడుమెత్తాలె."

ఆ పూటకు తిన్నది. అది పోయినంక నేను మల్లన్న దేవునికి మొక్కిన. పిల్ల అంకె అక్కడి నుంచి కదిలేదాక నోట్ల ముక్క పెట్టనని. గొర్ల మందల పుట్టినోన్ని, యాట కూర అంటే నా సంగతి నీకు ఎరుకే. ఎవరికీ చెప్పలేదు. మల్లేశం దేవునికి మొక్కిండంటే మెస్సంత నవ్వదా?

అప్పటి నుంచి ఆదివారం యాట కూర వండుడు నేనే, ఉప్పు చూసుడు నేను కాదు. ఒకసారి చూడకుండనే దించితే ఉప్పు ఎక్కువై ఓనరమ్మ మొత్తుకున్నది. ఇగ శ్రావణిని పిలిచి చూడమనేటోన్ని.

"ఉప్పు సరిపోయింది గని, నువ్వెందుకు ముట్టవు మామా?"

"పన్ను నొస్తాంది కోడలా. ముక్క నమలరాదు."

"దవాఖానకు పోదాం పా."

"ఉన్నదొక్కటే గట్టి పన్ను, డాక్టర్ దాన్నే పీకుతడు. వద్దు."

మళ్ళ వచ్చినప్పుడు చున్నీ కొంగుల లవంగాలు కట్టుకొని తెచ్చింది. పన్ను కింద పెట్టుకొమ్మని నా ముందర్నే నిలబడ్డది. లేని నొప్పికి లవంగం నమిలిన, నాలుక మండింది. అయినా సంబరమైంది అక్కా. నా గురించి ఇంత పట్టించుకునేటోళ్ళు ఇంకొకరున్నరు అనుకున్న.

మొన్న నేను ఉల్లిగడ్డ కోస్తుంటె బావ ఫోన్ చేసిండు.

"ఏం మల్లేశం! బిడ్డ తొంభై దాటింది గద, దావత్ ఎప్పుడిస్తున్నవ్?"

"ఏం తొంభై బావా? నీ వయసా?"

అవతల దొడ్డి కాడ కుక్క మొరుగుడు వినపడ్డది.

"అగో... నీకు చెప్పొద్దన్నరు గద. నా నోరు పాడుగాను."

"ఎవరన్నరు?"

"తల్లీ బిడ్డలిద్దరు." తర్వాత మెల్లగ చెప్పిండు. "కోపం చెయ్యకు. పిల్లకు ఆదివారమైతే నీ బోర్డు మీదికి కొత్త అంకె తేవాలె. గందుకు పరీక్ష రాసుడే అయితాంది గని, యాడ తప్పు పోయిందో సూసుకునుడు లేదట. మల్ల ఒక లెక్క పట్టిందంటే మునుం పట్టినట్టే ఇడిసిపెట్టదట, దాని ఎంబడి పడేసరికి టైం ఒడుస్తదట. ఆడి సారు గూడ గదే అన్నడట. ఇగ నీకు పాత అంకెనే అప్పజెప్పుకుంట, కొన్ని వారాలు పరీక్షకే కూసోలేదు. తప్పినయన్ని ముంగట ఏసుకొని, ఎందుకు తప్పినయో ఒక్కొక్కటి సూసుకున్నదట. రాని లెక్కను ఇడిసి పక్కదానికి పోవుడు నేర్సుకున్నది. మల్ల రాస్తే ఎక్కింది, ఇంక ఎక్కుతాంది."

"నాకు చెప్తే నేను ఆగకపోదునా బావా?"

"నీకు చెప్తే బోర్డు మీద రాయవా మరి? ఊరంత ఫోన్ కొట్టవా? ఒక్క వారం దిగిందనుకో, నువ్వేదో రాస్తవు, పిల్ల పాణం ఉసూరుమంటది."

నేను ఫోన్ పెట్టేసిన. కండ్ల నుంచి నీళ్ళు కారుతుంటె ఓనరమ్మ ఏమైందని అడిగింది. ఉల్లిగడ్డ చూపించిన.

అక్కా, పిల్ల నాకు చెప్పలేదంటే సరే, అది పిల్ల. నువ్వెందుకు చెప్పలేదు? ఒక్క ఆదివారం తప్పకుండ నేను నీకు ఫోన్ చేసి, "పిల్ల నీకేమన్న చెప్పిందా, అంకె కదిలిందా?" అని అడగలేదా? "యాడిది తమ్మి, ఆడనే ఉన్నది. నువ్వే జర నవ్విపియ్యి" అని నిట్టూర్పు విడిచినవు. ఆ నిట్టూర్పు ఎట్ల తీసినవే? పక్కన బావ నోరు మూసుకొని నవ్విండా? జనాన్ని మోసం చేసుడు నా పని అనుకున్న, నాకంటే మొనగాళ్ళు మా ఇంట్లనే ఉన్నరని తెలియదు.

బోర్డు మీద రాసేటోన్నే కావచ్చు, కాదన. కాని నన్ను కూసోబెట్టి, "మల్లేశం, ఇది పరాచికం కాదు" అని ఒక్కసారి అని చూడకపోయిన్రా? యశోద చావుబతుకుల ఉన్నప్పుడు దవాఖానల అన్ని రోజులు నేను ఎవరితో పరాచికాలాడిన? మీకు నవ్వుకు మల్లేశం కావాలె, నిజానికి వద్దు. ఇదే నాకు గుచ్చుకున్నది. నేను పస్తున్నట్టు ముక్క మానుకొని దేవున్ని అడుగుతుంటె, దేవుడు ఎన్నడో ఇచ్చిండు, మీరు దాచిన్రు.

మొన్న ఆదివారం పిల్ల వచ్చింది. ఈసారన్న చెప్తదని, అది రాకముందే యాట కూరల నుంచి ఒక మంచి ముక్క తీసి గిన్నెల మూత పెట్టి నా కోసం ఉంచిన.

"ఎంత కోడలా?"

నా కండ్లలకు చూసి చెప్పింది. "గదే మామా. డెబ్బై రెండు."

గిన్నెల ముక్క తీసి దాని కంచంలనే వేసిన. సుద్దముక్క పట్టుకొని బోర్డు కాడికి పోయిన. "కోడలి అంకె కాలు విరిగి మంచంల పడ్డది, చూడనీకె వచ్చేటోళ్ళు పండ్లు తెచ్చుకోగలరు" అని రాసిన. అందరు నవ్విన్రు. అది గూడ నవ్వింది. ఇప్పుడు నాకు తెలుసు గద, ఆ నవ్వు ఎంత కష్టపడి నవ్వుతున్నదో కనపడ్డది. బాగ నవ్వుతది అక్కా. నా కోడలే.

అసలు పరీక్ష దగ్గరికొచ్చింది. ఇప్పుడు నాకు తెలిసిందని తెలిస్తే పిల్ల మనసు చెదురుతది. అందుకని నాకు తెలియనట్టే ఉంట. నువ్వు గూడ దానికి చెప్పకు, బావ నోటికి తాళం వెయ్యి. ఇన్ని రోజులు నాకు దాచినోళ్ళకు దానికి దాచుడు కష్టం కాదు.

ఒక్కటే అడుగుత. పరీక్ష అయినంక దాన్నే నా దగ్గరికి వచ్చి, దాని నోటితోనే నిజం అంకె చెప్పమను. ఎక్కినా సరే, దిగినా సరే. నువ్వు చెప్పొద్దు, బావ చెప్పొద్దు. అప్పటిదాక నేను ముక్క ముట్టను. దేవుని మొక్కు ఎన్నడో తీరింది, ఇది మీ మీద.

పిల్ల ఆరోగ్యం గురించి రంది పెట్టుకోకు, దాని కంచం నేను చూసుకుంట. నువ్వు గోళీలు మింగు. వీలైతే ఎండు మిరపకాయలు, కొన్ని పల్లీలు పంపు, ఇక్కడి కారం కారమే కాదు. వాడకట్టుల పెద్దలందరికి నా దండాలు చెప్పు. మన మల్లన్న గుడి దిక్కు తిరిగి పిల్ల కోసం ఒకసారి మొక్కు, నాకు గూడ అక్కడి నుంచే నీ దీవెన పెట్టు. నా ముచ్చట ఎవరన్న అడిగితే, మల్లేశానికి పన్ను నొప్పి ఇంక తగ్గలేదని చెప్పు.

ఇట్లు,
పండ్లన్నీ గట్టిగనే ఉన్న నీ తమ్ముడు
మల్లేశం