మోటారు ఇల్లు

రాచర్ల,
ఫిబ్రవరి 3.

ముండ్లమూరులో మూడు బర్రెలనూ ఒక అత్తనూ ఒంటిచేత్తో సాకుతున్న మా లక్ష్మీనరసమ్మక్కకు,

ఉత్తరం చూసి ఎవరు పోయారో అని గుండె పట్టుకోకు. అందరూ రాయిలా ఉన్నారు. ఫోను చేయొచ్చు కదా అంటావు. నీ ఫోను సంగతి నాకు తెలియదా? మోగగానే స్పీకరులో పెట్టి పొయ్యిగట్టు మీద నిలబెడతావు. నేను చెప్పేది నీకన్నా ముందు మీ అత్త వింటుంది, పొద్దుగూకే లోపల ఊరంతా వింటుంది. ఈ మాట ఇప్పుడే ఎవరూ వినకూడదు. అందుకే ఏడో తరగతితో అటకెక్కించిన చదువును దించి దుమ్ము దులిపాను. తప్పులుంటే సర్దుకొని చదువు.

అక్కా, నేను ఇల్లు కొంటున్నాను. చక్రాలున్న ఇల్లు. లోపల మంచం, గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఫ్యాను, అద్దం అన్నీ ఉంటాయి. ముందు స్టీరింగు ఉంటుంది. మనం ఎక్కడికి పొమ్మంటే ఇల్లు అక్కడికి పోతుంది. దాన్ని మోటార్ హోమ్ అంటారట. ఊళ్లు తిరిగి చూసే డబ్బున్నవాళ్లు కొనుక్కుంటారట. మా పిల్ల ప్రసన్న పెళ్లయి కాపురానికి పోయింది, నా చీటీ డబ్బు చేతికొచ్చింది. "ఆ డబ్బుతో గొలుసు చేయించుకోవే" అంటావని తెలుసు. ఉన్నది ఒక్క మెడ. అది సంక్రాంతి పోయినప్పటినుంచి తొలకరి దాకా గొర్రెల మంద వెంట పోయిన మా ఆయన, అదే మీ మరిది, వచ్చే దారి చూసి చూసి ఇప్పటికే పట్టేసింది. దానికి మళ్లీ బరువెందుకు?

నిన్న ఫోనులో ఆయన చెవిన వేశాను. మంద ఇప్పుడు పొదిలి దారిలో ఉంది. "బావా, మోటారు ఇల్లు ఒకటి కొందామనుకుంటుండా" అన్నాను. అవతల కాసేపు గొర్రెలు మాత్రమే మాట్లాడాయి. తర్వాత ఆయన గొంతు.

"యాడుంది? బోరు ఎన్ని అడుగులు?"

చూశావా! మన వైపు మోటారంటే బోరులో దించేదే. మోటారు ఇల్లంటే చేని గట్టున స్టార్టరు డబ్బా పెట్టుకునే రూము. నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"నీళ్లకేం లోటు లేదు బావా, రెండు వందల లీటర్లు."

"లీటర్లేందే? అంగుళాల్లో చెప్పు. ఎన్ని అంగుళాలు పోస్తది?"

"కుళాయి ఎంత తిప్పితే అంత."

"భూమి ఎంత?"

"మనం యాడ నిలబడితే అదంతా మనదే."

"నువ్వు నిజం చెప్తాండావో, ఎగతాళి పడతాండావో ఆ నరసింహసామికే తెలియాల" అని ఫోను పెట్టేశాడు.

నేను ఒక్క అబద్ధం చెప్పానా, నువ్వే చెప్పు. బండి కొని, తిన్నగా ఆయన మంద ముందుకు తోలుకుపోయి నిలబెడతాను. అప్పుడా మొహం చూడాలి. నువ్వు మాత్రం నోరు విప్పావంటే, చిన్నప్పుడు నాయన చుట్ట దొంగిలించి తాగింది ఎవరో మీ అత్తకు కార్డు రాస్తాను.

నీ చెల్లెలు,
రమణి.


రాచర్ల,
ఫిబ్రవరి 24.

నన్ను పిచ్చిదని ఒకే ఒక్క వాక్యంలో తేల్చేసిన మా అక్కకు,

నీ కార్డు అందింది. "మగవాళ్లు మంద వెంట తిరుగుతారు, నువ్వెందుకే కోతీ?" అని రాశావు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అడిగావు కాబట్టి జవాబు రాస్తాను. చదివాక పొయ్యిలో పెట్టు.

నా పెళ్లయిన రెండో ఏడు నీకు గుర్తుందో లేదో. మంద పొదిలి దగ్గర ఉండగా మీ మరిదికి చలిజ్వరం. కబురు తెలిసి కషాయం కాచుకొని, రొట్టెలు కట్టుకొని బస్సెక్కాను. దిగి చేలకడ్డం పడి నాలుగు మైళ్లు నడిచాను. ఆయన గొంగడి కప్పుకొని వణుకుతున్నాడు. కషాయం తాగించాను, కాళ్లు పట్టాను. పొద్దు వాలింది. మా మామ వచ్చి, "మందలో ఆడమనిషి పండుకోగూడదు. మందకు కీడు. ఆఖరి బస్సుకు పో" అన్నాడు. పెద్దాయన మాట పెద్దాయనది, దానికి నేను బాధపడలేదు. మీ మరిది ఒక్క మాట అనలేదు. అనకపోతే పోయె, తలెత్తి నా వైపు చూడను కూడా చూడలేదు. ఆ బస్సులో కిటికీ పక్కన కూర్చొని రాచర్ల దాకా ఏడ్చాను. దిగాక మాత్రం ఎదురొచ్చిన ప్రతి ఒక్కరితో పరాచికాలాడాను. ఆ రోజునుంచీ నాకు పరాచికాలు ఎక్కువయ్యాయి. మీరందరూ అది నా పుట్టుగుణం అనుకున్నారు.

ఇరవై నాలుగేళ్లయింది. మా మామ పోయి పదేళ్లు. ఆయన మాట మాత్రం మంద వెంట ఇంకా తిరుగుతూనే ఉంది. ఏటా ఆరు నెలలు మొగుడు ఒక జిల్లాలో, నేను రాచర్లలో గోడకు ఆనుకొని. ఇప్పుడు నాకు నలభై ఆరు. కలిసి ఉండాలంటే ఇంకెప్పుడు? అందుకని ఇల్లే మంద దగ్గరికి తీసుకుపోదామనుకున్నాను. నేను మందలో పడుకోను, నా ఇంట్లో నేను పడుకుంటాను. దానికి కూడా ఆయన ఆ రోజులాగే తల దించుకుంటే, బండి వెనక్కి తిప్పుకొని వస్తాను. ఇంకెప్పుడూ అడగను. ఇదీ సంగతి. ఇక ఏడుపు చాలు.

బండి ఎలా కొనాలో నాకేం తెలుసు? మా పక్కింటి కేథరిన్‌కు తెలుసు. గిద్దలూరులో బడిపిల్లల వ్యాను నడుపుతుంది. ఆగస్టునుంచి నాకు ఆదివారాలు చర్చి అయిపోయాక డ్రైవింగు నేర్పింది. నేను గేరు మార్చినప్పుడల్లా "ప్రభువా, క్లచ్చు! క్లచ్చు తొక్కు రమణక్కా!" అని అరిచేది. ఆమె ప్రార్థన ఫలించింది, నాకు లైసెన్సు వచ్చింది. ఫోటోలో మాత్రం జేబుదొంగలా ఉన్నాను.

ముందు ఒంగోలులో ఏదో కంపెనీవాళ్లు బండ్లు చూపిస్తున్నారంటే పోయాం. తెల్లగా, కోడిగుడ్డులా మెరుస్తోంది. టై కట్టుకున్న పిల్లగాడు తలుపు తీసి, "మేడం, ఇది కంప్లీట్ మోటార్ హోమ్" అన్నాడు.

"ఎన్ని హెచ్‌పీ నాయనా? ఎన్ని ఎకరాలు తడుస్తది?" అన్నాను.

వాడు చేతిలోని కాగితంలో ఎకరాలు వెతకసాగాడు. కేథరిన్ నా నడుం గిల్లింది. లోపల పొయ్యికి మూరెడు దూరంలో మరుగుదొడ్డి! "కూర మాడిందో ఇంకేమన్నా అయిందో ఎట్ల తెలుస్తది?" అన్నాను. "గొర్రె ఈనితే పిల్లను యాడ పెట్టాల?" అంటే, "పెట్స్ అలౌడ్ మేడం" అన్నాడు పాపం. మంచం మీద పడుకొని చూశాను. దూదిలా దిగిపోయింది. కేథరిన్ మాత్రం బండి కిందికి వంగి చూసి పెదవి విరిచింది. "అక్కా, దీని కడుపు నేలకు ఆనుతాంది. మొదటి గట్టు కాడే ఈనేస్తది ఇది" అంది.

రెండోది మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ పక్కన పడి ఉన్న పాత బస్సు. ఇల్లేం, కల్యాణమండపం కట్టుకోవచ్చు. అయితే కేథరిన్ ఒక చుట్టు తోలి చూసి, "దీన్ని మలుపు తిప్పాలంటే పొదిలిలో మొదలుపెట్టి గిద్దలూరులో ముగించాల" అంది. బండిదారుల్లో అది ఇరుక్కుంటే నేను అక్కడే ఊరు కట్టుకోవాలి. వద్దన్నాం.

మూడోది గిద్దలూరులో దొరికింది. మొన్నటి ఎన్నికల్లో ఓడిపోయిన ఒకాయన ప్రచారం బండి. ఆయనకు దాన్ని చూస్తే కడుపులో మండుతోందట, చింతచెట్టు కింద పట్టా కప్పి పెట్టాడు. ఎత్తుగా ఉంది, గట్లు దాటుతుంది. పొట్టిగా ఉంది, ఎక్కడైనా తిరుగుతుంది. లోపల నిటారుగా నిలబడినా కొప్పు పైకప్పుకు తగలదు. అన్నిటికన్నా, నెత్తిన తలుపుంది అక్కా! దాన్ని తెరిచి నాయకుడు పైకి లేచి చేతులూపేవాడన్నమాట. నేను పైకి లేచి చూశాను. నాలుగు చేల అవతల మేస్తున్న మేకలు కూడా కనిపించాయి. కేథరిన్ బక్కెట్లతో పైకప్పు మీద నీళ్లు కుమ్మరించింది, చుక్క కారలేదు. లోపల బల్ల మీద పడుకొని కళ్లు మూసుకున్నాను. లేవబుద్ధి కాలేదు. "ఇదే" అన్నాను.

మైకు సెట్టు ఊడదీసుకుంటానన్నాడు అమ్మేవాడు. "అది ఉంటేనే బండి తీసుకుంటా" అన్నాను. ఎందుకో నీకు వేరే చెప్పాలా?

నీ కోతి,
రమణి.


నా ఇంటి నుంచి
(ఇవాళ పొదిలికి ఈ పక్క, ఎవరిదో కంది చేను),
మార్చి 19.

కొంప ముంచబోయి కొంపతో సహా ఒడ్డునపడ్డ చెల్లెలు అక్కకు రాసేది,

ముందుగా, నవ్వు వస్తే నవ్వు, తర్వాత తిట్టు.

గిద్దలూరులో వెల్డింగాయన మంచం, పొయ్యిబల్ల, ట్యాంకు బిగించాడు. పోయిన బుధవారం పొద్దున్నే బయలుదేరాం. స్టీరింగు నాది, ప్రార్థన పక్కనున్న కేథరిన్‌ది. పది గంటలకల్లా మంద కనిపించింది. చేను మధ్యలో మీ మరిది, ఎదురుగా ఇంకో మనిషి, ఇద్దరూ చేతులు పట్టుకొని నిలబడి ఉన్నారు. చేతుల మీద ఎర్ర తువ్వాలు కప్పి ఉంది. నాకదేం బుర్రకెక్కలేదు. బండి గట్టు దాటించి ఆపి, నెత్తిన తలుపు తీసి పైకి లేచాను. మైకు అందుకున్నాను.

"ప్రియమైన గొర్రెలారా! మేకలారా! గంగయ్య గారూ! మీ ఇల్లు మిమ్మల్ని వెతుక్కుంటూ మీ ముందుకు వచ్చేసింది! భారీ మెజారిటీతో..."

అంతే అక్కా. మైకు కుయ్యిమని ఈల వేసింది. రెండు వందల గొర్రెలు ఒక్కసారిగా చెదిరాయి. ఒక పొట్టేలు నేరుగా ఆ ఇద్దరి మధ్యనుంచి దూరింది. ఆ రెండో మనిషి వెల్లకిలా కంది మోళ్ల మీద పడ్డాడు. ఎర్ర తువ్వాలు పొట్టేలు కొమ్ముకు తగులుకొని జెండాలా ఎగురుకుంటూ తూర్పుకు పోయింది. కేథరిన్ కళ్లు మూసుకుంది.

గొర్రెలను మళ్లేసుకొచ్చేసరికి మధ్యాహ్నం. మీ మరిది నా వైపు చూడకుండానే, "ఇదేందే?" అన్నాడు.

"మోటారు ఇల్లు."

ఆయన బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. కింద చూశాడు, పైన చూశాడు. "బోరు యాడుంది?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

"బోరు లేదు, భూమి లేదు. ఇల్లే. ఇంతకీ ఈయనెవరు?"

పడినాయన మోచేయి తుడుచుకుంటూ, "నన్ను రంగనాయకులంటారమ్మా. మార్కాపురం సంతలో గొర్రెలు కొంటా. మీ ఆయన మందంతా అమ్ముతానంటే వచ్చినా" అన్నాడు.

అప్పుడు బుర్రకెక్కింది నాకు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పుకునే బేరం అది. ఆ ధర బయటివాళ్లకు తెలియదు. ఇద్దరికీ కుదిరాక తువ్వాలు ఎత్తితే ఇక తిరుగు లేదు. చూశావా, అరగంట ఆలస్యమై ఉంటే మంద వెంట తిరగడానికి నాకు ఇల్లు ఉండేది, తిరగడానికి మంద ఉండేది కాదు.

"ఎందుకు అమ్ముతాండావు బావా?"

"నువ్వే కదా మోటారు, భూమి అంటివి. ఒక్కదానివి సేద్యం ఎట్ల చేస్తావు? నేను మంద వెంట తిరుగుతా ఉంటే నీకు తోడెవరు? ఇంకెన్నాళ్లే ఇట్ల, నువ్వొక చోట నేనొక చోట. అమ్మేసి వచ్చేద్దామనుకున్యా. నీకు చెప్తే ఎగతాళి చేస్తావని చెప్పలా."

నేను బండి కొన్నది దేనికో ఆయన మంద అమ్మేది దానికే. ఒకరికొకరు చెప్పుకోకుండా ఇద్దరం ఒకే పని చేయబోయి, ఒకరి ఇల్లు ఇంకొకరు కూల్చబోయాం. అప్పుడు నీకు రాసిన ఆ పాత సంగతి నా నోటినుంచి దానంతటదే వచ్చేసింది. కేథరిన్ ముందరే, ఆ రంగనాయకులు ముందరే. "ఆ పొద్దు నువ్వు నా వైపు తలెత్తి కూడా చూడలేదు" అన్నాను.

ఆయన చేతికర్రతో మట్టి గీకాడు. "చూసింటే నీ వెంట బస్సెక్కేసేవాణ్ణి. నాయన కొట్టి సంపేసేవాడు. అందుకే చూళ్ళా" అన్నాడు. ఇరవై నాలుగేళ్లు ఈ ముక్క కడుపులో దాచుకొని తిరిగాడు అక్కా, ఈ మనిషి. గొర్రెలకు చెప్పి ఉంటాడు, నాకు చెప్పలేదు.

ఇక బేరం. నేను రంగనాయకులుకు దండం పెట్టి, "అన్నా, తప్పయింది" అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు. "బేరం మధ్యలో తువ్వాలు పోతే మా వాళ్లు ఆ మందను ముట్టరమ్మా. తువ్వాలు తీసుకపోయింది ఆ పొట్టేలే కదా, దానికే మీరు దండం పెట్టుకోండి. నా తువ్వాలు నాకు ఇప్పించండి, పోతా" అన్నాడు. చిరిగిన తువ్వాలుకు బదులు నా కొత్త తువ్వాలు ఇచ్చి, అన్నం పెట్టి పంపాను. నా ఇంట్లో మొదటి చుట్టం ఆయనే.

ఆ తర్వాత అసలు పరీక్ష వచ్చింది. మీ మరిది గుమ్మం దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాడు.

"మా నాయన మాటుందే. మందలో ఆడమనిషి..."

"మందలో పండుకోవద్దన్నాడు. మంద పక్కన ఇల్లుంటే ఆ ఇంట్లో పండుకోవద్దన్నాడా?"

ఆయన తలపాగా తీశాడు, మళ్లీ చుట్టుకున్నాడు. జడ్జిలా చాలాసేపు ఆలోచించాడు. "అనలా" అన్నాడు.

"మరి?"

"ఇప్పుడు ఇల్లు మందలోనే ఉంది. పక్కకు పెట్టు. రెండు గజాలు జరుపు."

ఎక్కి కూర్చొని రివర్సు గేరు వేశాను. మీ మరిది నన్ను స్టీరింగు దగ్గర చూడటం అదే మొదలు, పొద్దున తోలింది కేథరిన్ అనుకున్నాడట. నోరు తెరిచి, "రా... రా... ఇంకొంచెం రా..." అంటూ చేతులూపుకుంటూ వెనక్కి నడిచాడు. నన్ను ఇన్నేళ్లు ఊళ్లో కూర్చోబెట్టిన కట్టుబాటు రెండు గజాలు వెనక్కి తోలితే సరిపోయింది అక్కా. అప్పుడు కాళ్లు కడుక్కొని, చెప్పులు బయట విడిచి, "రావచ్చునా?" అని అడిగి మరీ లోపలికి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. ఒకసారి ఒరిగి చూస్తానన్నాడు. మిట్టమధ్యాహ్నం గుర్రు పెట్టి నిద్రపోయాడు. ఆయన లేచేదాకా నేను నెత్తిన తలుపులోనుంచి నిలబడి మందను కాశాను. ఎంత హాయిగా ఉందో నీకు రాయడం నాకు చేతకాదు.

కేథరిన్ మర్నాడు బస్సెక్కి బడికి వెళ్లిపోయింది. నేను ఇక్కడే ఉన్నాను. ఇవాళ్టికి ఎనిమిది రోజులు. పొద్దున టీ పెట్టి మైకులో పిలుస్తున్నాను. గొర్రెలకు అలవాటైంది, మీ మరిదికి ఇంకా కాలేదు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. మంద మీ వైపే వస్తోంది. మీ చేను కోత అయిపోయి ఖాళీగా ఉంటే చెప్పు, నాలుగు రోజులు నిలుపుతాం, ఎరువుకు ఎరువు. మీ అత్తను కంగారు పడొద్దను. చెల్లెలూ మరిదీ చుట్టపుచూపుకు వస్తున్నారు, మంచాలు వేయనక్కర్లేదు, ఇల్లు వాళ్లే తోలుకొస్తున్నారు అని చెప్పు.

ఇల్లాలు, డ్రైవరు,
నీ చెల్లెలు రమణి.
(గంగయ్య వేలిముద్ర కాదు, సంతకమే: గంగయ్య)