మేరీ సైకిల్ తొక్కిన దారి

సోమవారం, రాత్రి

పాపన్నపేట రోడ్డు పక్కన సైకిళ్లకు వేరే దారి వేయమని అడగడానికి ఇవాళ నేను పెద్దమ్మా అని పిలిచే మేరీ వాళ్లమ్మ కూడా నాతో రోడ్ల శాఖ ఆఫీసుకు వచ్చింది. ఆ రోడ్డు మీదే ట్రాక్టర్ గుద్ది మేరీ పోయింది. అప్పటి నుంచి పెద్దమ్మ చర్చికి తప్ప ఇల్లు కదల్లేదు.

ఆఫీసర్ మా మాట పూర్తిగా వినకుండానే, "ఈ రోజుల్ల సైకిల్ ఎవరు తొక్కుతున్నరమ్మా?" అన్నాడు.

నేను వాదించబోతే పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"నా బిడ్డ తొక్కింది సారూ."

ఆయన తల దించుకున్నాడు. "జర టైం ఇవ్వండ్రి, చూస్తం" అన్నాడు. చూస్తారో లేదో...

తిరిగొస్తుంటే ఆటోలో పెద్దమ్మ, నిరుడు నేనూ మేరీ విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున సైకిళ్ల మీద వెళ్లిన సంగతి ఎత్తింది.

"ఆ రోడ్డు మీద నా బిడ్డ భయపడ్డదా?"

"లేదు పెద్దమ్మా. పాటలు పాడుకుంట తొక్కింది."

నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాను. ఆ రోజు అలల పక్కన సైకిల్ ఆపి మేరీ అన్నది: "మన దగ్గర గూడ గిట్లాంటి దారుంటే, మా అమ్మకు సైకిల్ నేర్పుతుంటి."