స్టేజీకి ముందు రెండు హారన్లు

కరీంనగర్,
18 నవంబర్ 2025, మంగళవారం,
పొద్దున తొమ్మిదింపావు.

తమ్ముడు పోశానికి,

మీ అన్న అంతయ్య నమస్కారాలు. మరదలు ఎల్లక్కకు, పిల్లలకు దీవెనలు. అక్కడ మీరంతా బాగున్నారని హనుమండ్లు చెప్పాడు కాబట్టి ఆ ముక్క అడగను. ఇక్కడ మేం కుశలమని రాయడానికి మాత్రం చెయ్యి ఆడడం లేదు. చివరిదాకా చదివి, కుశలమో కాదో నువ్వే తేల్చు.

పదిహేనేళ్ళ తర్వాత ఈ ఉత్తరమేంటని నవ్వుకుంటావేమో. మన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసిన హనుమండ్లు మొన్న ఆదివారం బస్టాండు దగ్గర కలిశాడు. నీ ఫోన్ నంబర్, అడ్రసు ఇచ్చాడు. మూడుసార్లు నొక్కాను, మూడుసార్లూ రింగు పోకముందే కట్ చేశాను. నోటితో అయితే నేను ఏదో ఒకటి మాట్లాడి తప్పించుకుంటాను. నా నోటి సంగతి నీకు తెలియందా, చిల్లర లేదని ఎంతమందితో ఎన్ని కథలు చెప్పాను! కాగితం ముందు అయితే కుదురుగా కూర్చోక తప్పదు. కూర్చున్నానని కాదు, ఈ నాలుగు ముక్కలు రాసేలోపు రెండుసార్లు లేచి కిటికీ దాకా పోయి వచ్చాను.

రిటైరై రెండేళ్ళయింది. ఇన్నేళ్ళు బస్సులో నిలబడి తిరిగిన కాళ్ళు ఇంట్లో కుర్చీలో ఊరుకుంటాయా? మా గల్లీలో ఒకాయన ఫోన్‌లో షేర్ మార్కెట్ ఆడుతుంటే చూశాను. తొమ్మిదింపావుకు మొదలవుతుంది, మూడున్నరకు మూస్తారు. మళ్ళీ డ్యూటీ దొరికినట్టు అనిపించింది, నిజం చెబుతున్నా. నేను ఆడేది నీకు అర్థమయ్యేటట్టు చెప్పాలంటే, మార్కెట్ పైకి పోతుందని ఒక టికెట్టు, కిందికి పోతుందని ఇంకో టికెట్టు అమ్ముతారు. మనం కొన్న వైపు బండి పోకపోతే ఆ టికెట్టు చిత్తు కాగితం. ఇంతే.

పద్నాలుగు నెలల్లో రిటైర్మెంట్ పైసల్లో సగం చిత్తు కాగితాలయ్యాయి. మిగిలిన సగం మీదనే ఇద్దరం బతకాలి. మన పింఛన్ సంగతి తెలిసిందే, పాలకూ కరెంటు బిల్లుకూ సరిపోతుంది. బ్యాంకు నుంచి వచ్చిన మెసేజ్ చూసి మీ వదిన కనకవ్వకు తెలిసిపోయింది. కొట్లాడితే బాగుండేది. కొట్లాడలేదు. నా పళ్ళెం ముందర పెట్టి, తన పళ్ళెం తీసుకుని వెనక వరండాలోకి పోతోంది. నలభై ఏళ్ళ కాపురంలో నేను ఇంత పరేషాన్ ఎప్పుడూ కాలేదు.

జర ఆగు, మంచినీళ్ళు తాగి వస్తాను.

పదీ నలభై. నీళ్ళకోసం లేచానని పైన రాశాను కదా, అది అబద్ధం. ఫోన్ చూడడానికి లేచాను. చూసి ఊరుకోలేదు, ఒకటి కొన్నాను కూడా. ఇరవై నిమిషాల్లో అమ్మేశాను. లాభమే వచ్చింది. లాభం వచ్చినందుకే భయమేస్తోంది, ఎందుకు కొన్నానో నాకే తెలియదు మరి. పోయినప్పుడు కనీసం ఏడుస్తాను. వచ్చినప్పుడు రేపు రెండింతలు పెడదామని లోపల ఒకడు గోకుతుంటాడు.

అసలు విషయానికి వస్తాను. మా బిడ్డ అమూల్య పెద్దపల్లిలో బ్యాంకులో పనిచేస్తోంది. ఒకటో తారీఖున వచ్చి నా ముందర ఒక నోటు పుస్తకం పెట్టింది. ఆడేవాళ్ళు తెలివైనవాళ్ళయితే డైరీ రాస్తారట. ఏ సమయానికి కొన్నాను, ఎందుకు కొన్నాను, అప్పుడు మనసులో ఏమున్నది, చివరికి ఏమైంది, ఇలా నాలుగు గళ్ళు గీసి ఇచ్చింది. నెలరోజులు తప్పకుండా రాయాలి. ఒక్కరోజు తప్పినా, ఒక్క అబద్ధం రాసినా ఫోన్‌లోంచి ఆ యాప్ తీసేస్తుంది, మిగిలిన సగం కనకవ్వ పేరు మీద పడుతుంది. సరేనని ఒట్టు పెట్టాను. పోయేటప్పుడు గుమ్మంలో ఆగి ఒకటే మాట అన్నది. "బాపూ, యాది చేసుకుని రాసుడు కాదు. అప్పటికప్పుడు రాయాలె."

ముప్ఫై ఏళ్ళు టికెట్ల లెక్క కాగితం, అదే మన ఎస్సార్, రాసిన కండక్టర్‌కు ఆ మాట ఒకరు చెప్పాలా అని లోపల నవ్వుకున్నాను. స్టేజీ రాకముందే ఏ టికెట్టు ఏ నంబర్ దాకా తెగిందో ఆ కాగితం మీద రాసి మూసెయ్యాలి. స్టేజీ దాటాక రాస్తే ఎవడొప్పుకుంటాడు? చెకింగ్ వాళ్ళు ఎక్కినప్పుడు ఆ గడి ఖాళీగా ఉంటే కేసే. ఈ మిషన్లు వచ్చాక పిల్లలకు ఆ బాధ లేదు కానీ, మన కాలంలో అది ఎంత పెద్ద సంగతో నీకు చెప్పాలా.

మరి ఆ కండక్టరే ఏం చేశాడనుకున్నావు? ఈ నెలలో నిన్నటిదాకా మార్కెట్ పది రోజులు నడిచింది. నేను నిజంగా రాసినవి మూడు. ఈ ఆదివారం అమూల్య పుస్తకం చూడడానికి వస్తానన్నది. నిన్న సాయంత్రం కూర్చుని మిగతా ఏడు రోజులూ ఒక్క దెబ్బకు నింపేశాను. ఒకే పెన్నుతో రాస్తే దొరికిపోతానని నీలం, నలుపు మార్చి మార్చి రాశాను. ఒక పేజీ మీద కావాలని చాయ గ్లాసులోంచి ఒక చుక్క కూడా వేశాను. అరవై రెండేళ్ళొచ్చి, కన్నబిడ్డను మోసం చేయడానికి చాయ చుక్కలు వేస్తున్నాను పోశం. పొద్దున లేచి ఆ ఏడు కాగితాలు చింపేశాను. నువ్వు చదువుతున్నది వాటి వెనకవైపే. తిప్పి చూడు, ఎంత అందంగా అబద్ధం రాశానో.

అలారాలు పెట్టుకోలేదా అంటావు. అమూల్య మూడు పెట్టి పోయింది. పొద్దున ఏడింటిది మరీ తొందర, మార్కెట్టే మొదలు కాదు, ఏం రాయాలి? 'ఈరోజు జాగ్రత్తగా ఉంటాను' అని బడిపిల్లల్లాగ రాశాను. రాత్రి తొమ్మిదింటిది మరీ ఆలస్యం. అప్పటికి అన్నం తిని, సాకులన్నీ తయారు చేసుకుని ఉంటాను, తప్పంతా మార్కెట్‌దే అవుతుంది. మూడూ ముప్ఫై ఐదుది సరైన సమయమే. కానీ ఆ సంగీతం మొదలుకాగానే నా బొటనవేలు దాన్ని నొక్కేస్తుంది, నేను చూడను కూడా చూడను. కనకవ్వను గుర్తు చెయ్యమంటే అదొక పంచాయితీ.

ఒక్క పన్నెండో తారీఖు మాత్రం సరిగ్గా జరిగింది. అప్పుడే కొన్నాను, ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. కనకవ్వ పుస్తకం తెచ్చి నా ముందర పెట్టి పోయింది. రాశాను. 'నిన్న పోయింది. కోపంగా ఉంది. గల్లీలో ఆయనకు వస్తుంటే నాకెందుకు రాదు.' తెల్లారి ఆ గడి చదువుకుంటే సిగ్గేసింది. అది కోపంతో పాసింజర్ మీద అరిచేవాడి రాత, మార్కెట్ తెలిసినవాడి రాత కాదు. ఆ రోజంతా ఫోన్ ముట్టలేదు. అమూల్య ఏం చెప్పాలనుకున్నదో అప్పుడు అర్థమైంది.

అందుకే నువ్వు గుర్తొచ్చావు. లక్సెట్టిపేట బండి మీద నువ్వు డ్రైవర్‌వి, నేను కండక్టర్‌ని, ఎనిమిదేళ్ళు కలిసి చేసి వరసకు అన్నదమ్ములమయ్యాం. స్టేజీకి కొంచెం ముందర, ఏ కల్వర్టు దగ్గరో, రెండు చిన్న హారన్లు కొట్టేవాడివి. అన్నా, ఎస్సార్ మూయి అని దానర్థం. ముందే కొడితే ఇంకా టికెట్లు తెగుతుంటాయి, ఆలస్యంగా కొడితే స్టేజీ వచ్చేస్తుంది. నీకు ఆ జాగా ఎట్లా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. వెనక జనం ఎంత తోసుకుంటున్నా ఆ రెండు హారన్లు వింటే నా చెయ్యి దానంతట అదే జేబులో పెన్ను మీదకు పోయేది.

ఇప్పుడు నువ్వు ఇచ్చోడలో స్కూల్ వ్యాన్ నడుపుతున్నావట. తొమ్మిదింటికి పిల్లల్ని దింపేస్తావు, మూడున్నరకు మళ్ళీ గేటు ముందర వ్యాన్ పెట్టుకుని కూర్చుంటావు. నేను లెక్క చూసుకున్నాను, నాకు కావలసిన రెండు సమయాల్లోనూ నువ్వు ఖాళీ. పొద్దున తొమ్మిదీ పదికి ఒకసారి, మధ్యాహ్నం మూడూ ముప్ఫై ఐదుకు ఒకసారి కవరు మీద రాసిన నా నంబర్‌కు ఫోన్ కొట్టు. మాట్లాడక్కర్లేదు. రెండు రింగులిచ్చి కట్ చెయ్యి. పొద్దుటి రింగుకు పుస్తకం తెరిచి పెన్ను మూత తీసి పెడతాను. కొన్నప్పుడు కొన్న నిమిషంలోనే రాయడం ఇక నా పని. మధ్యాహ్నం రింగుకు, మొహం కడుక్కుని చాయ తాగకముందే, ఆ రోజు పేజీ మూసేస్తాను. అలారాన్ని నొక్కి పారేసినట్టు నీ రింగును పారెయ్యలేను. ఒక్క నెల చాలు. ఆదివారం అమూల్యకు చింపిన పేజీల సంగతి నేనే చెప్పి, మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్కపెట్టమని అడుగుతాను. ఒప్పుకోకపోతే యాప్ పోతుంది, పోనీ.

ఇంత అడుగుతూ పాత సంగతి ఎత్తకపోతే బాగుండదు. రాయపట్నం దగ్గర ఆ రోజు చెకింగ్ వాళ్ళు ఎక్కడం, నా ఎస్సార్ ఖాళీగా దొరకడం, విచారణలో డ్రైవర్ హారన్ ఇవ్వలేదు, బండి ఆపమన్నా ఆపలేదు అని నేను రాసివ్వడం, నిన్ను ఆదిలాబాద్ వైపు మార్చడం, ఇదంతా అయిపోయిన ముచ్చట. మర్చిపోవడం మనిషన్నవాడికి సహజం. నేనేమీ మనసులో పెట్టుకోలేదు తమ్మీ, నువ్వూ ఫికర్ పెట్టుకోకు. నిన్ను కన్న అవ్వ పోయినప్పుడు మీ ఊరు చొప్పదండికి రాలేకపోయాను, ఆ రోజు డ్యూటీ పడింది. నాకున్న బాధ అదొక్కటే, నీ మీద మాత్రం నాకు ఎప్పుడూ ఏమీ లేదు.

హనుమండ్లు ఒక మాట చెప్పాడు. నువ్వు వ్యాన్‌లో కూడా ప్రతి స్టాపు ముందర రెండుసార్లు హారన్ కొడతావట, పిల్లలు నవ్వుతారట. ఎందుకని అడిగితే నువ్వు ఆయనతో అన్న మాట ఆదివారం నుంచి నా చెవుల్లోంచి పోవడం లేదు. "గా దినం నేనే మర్చిపోయిన. నా వల్లనే అన్న మీదికి కేసొచ్చింది. మళ్ళ మర్చిపోతనని భయం."

మూడున్నరయింది. పోస్టు డబ్బా దాకా పోయి రావాలి. ఇక ఉంటాను. నీ రింగు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
నీ అన్న
అంతయ్య

తా.క. సంతకం పెట్టి, కవరు అంటించడానికి లేచాను. మూడూ ముప్ఫై ఐదు అలారం మోగింది. నొక్కేయలేదు. పూర్తిగా మోగనిచ్చాను. చింపిన పేజీల్లో ఒకదానికి వెనక సగం ఖాళీ ఉంది, అమూల్య గీసిన నాలుగు గళ్ళ ప్రకారమే రాస్తున్నాను.

సమయం: 2010 జూలై 14, బుధవారం, పొద్దున పదకొండు దాటింది. వాన. రాయపట్నం స్టేజీకి ముందర, కల్వర్టు దగ్గర.

ఏం జరిగింది: పోశం రెండు హారన్లు కొట్టాడు. నేను విన్నాను. పెన్ను చేతిలోనే ఉంది. జనం తోసుకుంటున్నారు, వచ్చే స్టేజీకి రెండూ కలిపి రాద్దాంలే అనుకున్నాను. బండి ఆపమని అడగలేదు. అడిగితే ఆపేవాడు.

అప్పుడు మనసులో ఏమున్నది: భయం. నౌకరి పోతుందని భయం. విచారణ గదిలో కాగితం ఇచ్చినప్పుడు చేతికి వచ్చిన పేరు నీది. వాళ్ళు నిన్ను అడిగితే నువ్వు నా మొహం చూశావు. అవ్వకు బాగాలేక మూడు రాత్రుల నుంచి నిద్ర లేదని, మర్చిపోయి ఉండవచ్చని నువ్వే ఒప్పుకున్నావు. అన్న అబద్ధం రాస్తాడని నీకు తోచలేదు. నేను తల దించుకుని కూర్చున్నాను.

చివరికి ఏమైంది: నా నౌకరి నిలబడింది. నీ ఊరు పోయింది. మీ అవ్వ చివరి రోజుల్లో నువ్వు ఇచ్చోడ నుంచి బస్సులు మారి వచ్చేవాడివట. ఆమె పోయిన రోజు నాకు డ్యూటీ లేదు. చొప్పదండి స్టేజీ దాకా వచ్చాను. దిగలేక, అదే బండిలో ముందుకు పోయాను.

ఇది ఆ రోజే రాయవలసిన గడి. పదిహేనేళ్ళు ఖాళీగా ఉంచాను. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేక ఇప్పటికీ కాగితం మీదే చెబుతున్నాను. డిపోకు కూడా ఇదే రాసి పంపుతాను. ఇన్నేళ్ళకు వాళ్ళు ఏం చేస్తారో నాకు తెలియదు.

ఇది చదివాక నువ్వు ఫోన్ చెయ్యకపోతే నిన్ను ఒక్క మాట అనను. రేపటి నుంచి రోజూ తొమ్మిదీ పదికి పుస్తకం తెరిచి కూర్చుంటాను, రింగు వచ్చినా రాకపోయినా. పిల్లలకు సరదాగా ఉంటే ఆ రెండు హారన్లు కొడుతూనే ఉండు. భయపడి మాత్రం కొట్టకు.

ఆ రోజు నువ్వు మర్చిపోలేదు తమ్మీ. హారన్ కొట్టావు. నేనే రాయలేదు.