ఎవరినీ నోటితో అడగను

జూలై 8, సోమవారం
తెల్లవారుజామున జల్లు పడింది. ఇప్పుడు మబ్బు. మండీ యార్డంతా బురద. ఆరు గంటలకే పద్నాలుగు బండ్ల టమేటా దిగింది.

పురుషోత్తమన్న మండీలో గేటు చీటీకి ఒక సాఫ్ట్‌వేర్, వేలానికి ఒకటి, లారీ లోడింగ్‌కు ఇంకొకటి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియదు. మూడింటినీ నేను కలిపాను. సరుకు గేటు దాటినా, అమ్ముడైనా, లారీ ఎక్కినా ఆఫీసు తెర మీద వెంటనే కనబడాలి. ఎక్కితే పచ్చ. వేలమై మూడు గంటలైనా ఎక్కకపోతే ఎరుపు.

అన్న మాట: "పది దినాలు చూస్తాను మోహనా. బాగుంటే నువ్వు ఈడనే ఉండొచ్చు. లేదంటే నీ బెంగళూరు నీకు ఉండనే ఉండాది."

బెంగళూరు ఉద్యోగానికి రోజూ రానూపోనూ ఐదు గంటలు. ఆరేళ్ళు తిరిగాను. చాలు.

తీర్మానం: పది రోజులు ఎవరినీ నోటితో అడగను. ఫోను చేయను. తెర చెప్పిందే మాట. ఆఫీసు గడప దాటను!

జూలై 9
7.00 తెర. 7.20 తెర. టీ. తెర.
11.00 ముప్పై ఒక్క లాట్లు ఎరుపు. (వేలంలో ఒక్కో రైతు సరుకు ఒక్కో లాటు.) కిటికీలోంచి చూస్తే లారీలు నిండుతున్నాయి. (చూడటం అడగటం కాదు.)
లోడింగ్ మేస్త్రీ చిన్నన్న నేనిచ్చిన ఫోనులో 'ఎక్కింది' బటన్ ఒత్తడం లేదు. పిలిచి చెప్పాను. చెప్పడం కూడా అడగటం కాదు.
"లాటు ఎక్కితే ఒత్తల్ల, అంతే గదా సార్? ఒత్తేస్తాలే."

జూలై 10
7.15 అన్నీ పచ్చ! నలభై రెండు లాట్లు! నాలుగే నిమిషాల్లో! చిన్నన్న బంగారం.
వేలం ఎనిమిదికి కదా, ఏడుంబావుకే లారీ ఎలా ఎక్కింది? సర్వర్ గడియారం తేడా అయి ఉంటుంది. అలాంటివి వచ్చినా ఒప్పుకునేలా రూలు మార్చాను. తెర ఏమీ అనడం లేదు.
మధ్యాహ్నం కాసేపు కునుకు.

జూలై 11
అన్నీ పచ్చ. అన్న నాకు కాఫీ చెప్పాడు. ఆఫీసులో కొత్త కుర్చీ.

జూలై 12
10.00 తెర చూసి కలకత్తా లారీకి రైట్ చెప్పించి పంపేశాను.
11.30 కిటికీ కింద హనుమక్క. సుగటూరు రైతు. ఈ రోజు అరవై నాలుగు క్రేట్లు తెచ్చింది.
"మోహనప్పా, నా టమేటా యాడుండాది?"
తెర చూశాను. "లారీ ఎక్కినాదక్కా. పది గంటలకే పోయినాది."
"పోయినాదా? బాగా చూసినావా?"
"పచ్చగా ఉండాదక్కా."
"అట్లయితే నేను కూసోనుండేది ఎవురి క్రేట్ల మీదప్పా?"
లేచి కిటికీలోంచి తొంగి చూశాను. క్రేట్ల మీదే కూర్చుని ఉంది. గేటు చీటీ కూడా ఆ లాటుదే.

చిన్నన్నను పిలిచాను.
"టమేటా చేతుల్తో ముట్టుకుంటే ఫోను పాడైపోతాది గదా సార్. మీదేనాయె ఆ ఫోను. అందుకే పొద్దున్నే కడుక్కున్న చేత్తో అన్నీ ఒత్తేసి, తువ్వాల్లో చుట్టి పెట్టేసినా."
మూడు రోజులుగా అదే. నా ఫోను మీద ఒక్క మరక లేదు.

హనుమక్క సరుకు సాయంత్రం లారీలో వెళ్ళింది. అడుగు క్రేట్లు అప్పటికే మెత్తబడ్డాయి. అన్న అన్నాడు: "ఇంగొక్క క్రేటు యార్డులో నిలిచినాదంటే నీ తెరొద్దు, నువ్వొద్దు. బోర్డూ సుద్దముక్కా చాలు నాకు."

జూలై 13
గడప దాటాను. అడగటానికి కాదు, గాలి కోసం. లారీ పక్కన నిలబడ్డాను. ఫోను నేనే తీసుకున్నాను. లాటు ఎక్కుతుంటే నేనే ఒత్తాను. ఈ ఒక్క రోజే.

జూలై 14
ఏడుసార్లు అడిగాను. అత్యవసరం.

జూలై 15
లెక్క పెట్టడం మానేశాను. "చిన్నన్నా, ఇది ఎవురిది? ఎక్కినాదా? అంతా ఎక్కినాదా?"
"సార్, మీరు మాకన్నా ఎక్కువ అరుస్తా ఉండారు" అన్నాడు. కూలీలు నవ్వారు.
తెర మాత్రం అద్భుతం. ప్రతి లాటు సరైన నిమిషానికి పచ్చ.

జూలై 16
గొంతు పోయింది. ప్యాంటు మోకాలిదాకా బురద. కొత్త కుర్చీలో అన్న కూర్చుని తెర చూస్తున్నాడు.

జూలై 17. పదో రోజు
పక్క మండీ దాసప్పను పిలుచుకొచ్చి అన్న తెర చూపించాడు. "చూడప్పా, దానంతట అదే ఎట్ల మారతా ఉండాదో!"
దాసప్ప నోరు తెరిచి చూశాడు. నేను యార్డులోంచి అప్పుడే ఒత్తి వచ్చాను.
ఆయన పోయాక అన్న అన్నాడు: "నువ్వు గెలిచినావు మోహనా. అంతా అదే చేసుకుంటా ఉండాది. ఇంగ నీకు ఈడ పనేముండాది చెప్పు?"
ఆ తెర నేనే అని చెప్పాలి. సరేనన్నాను. ఫోను చిన్నన్నకిచ్చి వచ్చేశాను.

జూలై 18
ఎండ. ఇంట్లో ఉన్నాను.
కొత్త తీర్మానం: మండీ సంగతి పట్టించుకోను.
6.50 ఫోనులో తెర తెరిచాను. ఊరికే.
7.05 నలభై లాట్లు పచ్చ. మళ్ళీ కడుక్కున్న చెయ్యి.
7.10 అన్నకు ఫోను చేశాను. "అన్నా, తెర చూసి ఏ లారీకీ రైట్ చెప్పొద్దు. అంతా అబద్ధం."
"నిన్నటిదాకా బాగుండె గదప్పా?"
"నిన్నటిదాకా నేను ఒక్కోటీ అడిగి, నేనే ఒత్తితిని."
"పది దినాలూనా?"
"ఐదు. ముందు ఐదూ చిన్నన్నవి."
"దాసప్పకు చూపిస్తి గదరా! మానం తీసినావు. రా, వచ్చి వాళ్ళకు నేర్పు. ఇంగ పది దినాలు ఇస్తా ఉండా. బటన్ మీద నీ వేలు కనబడినాదంటే నేనే నిన్ను బెంగళూరు బస్సెక్కిస్తా."

8.00 పొద్దుటి నలభై పచ్చలనూ చెరిపేశాను. లారీ పక్కన బకెట్టు నీళ్ళు, పాత తువ్వాలు పెట్టాను. చిన్నన్న లాటు ఎక్కించి, చెయ్యి కడిగి, తుడిచి, ఒత్తాడు. పచ్చ. ఆరు లాట్లకు అలా చేశాడు. తరువాత మరిచాడు. గుర్తు చేయలేదు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

మొదటి రోజు. ఎవరినీ నోటితో అడగను. పచ్చ ఆరు, ఎరుపు ముప్పై నాలుగు.

చివరి లారీ 1.10కి వెళ్ళింది. యార్డులో ఒక్క క్రేటూ మిగల్లేదు. చిన్నన్న, కూలీలు 1.40కి ఇళ్ళకు. నేను 2.00కి.